అతుకుల బొంతలో కుట్లు ముద్ద కట్టకుండా ఉండాలంటే

అతుకుల బొంత పైపొర కుట్టడం అయిపోయాక దాన్ని మంచం మీద పరిచి, కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరి చూడండి. నాలుగు ముక్కలు కలిసే చోటల్లా వేళ్ళకి గింజలాంటిది తగులుతోందా? తర్వాత మధ్యలో దూది పొర, కింద అడుగు గుడ్డ పెట్టి మూడింటినీ కలిపి కుట్టేటప్పుడు సూది తడబడేది ఆ గింజ దగ్గరే. దారం తెగేదీ, కుట్టు జంప్ అయ్యేదీ అక్కడే. బొంత వాడకంలోకి వచ్చి ఉతుకుల మీద ఉతుకులు పడ్డాక మొదట నూలు అరిగి పల్చబడేది కూడా, పైకి లేచిన ఆ చోటే.

మా చెల్లెలి పాప కోసం నేను కుట్టిన మొదటి బొంతలో గాలిమర బ్లాకులు (ముక్కలు కలిపి కుట్టిన చదరాలు) 20 ఉన్నాయి. ఒక్కో బ్లాకు మధ్యలో ఎనిమిది త్రికోణాల కొనలు కలుస్తాయి. పైనుంచి చూస్తే చక్కగానే ఉంది. మూడు పొరలూ కలిపి కుట్టడం మొదలుపెట్టిన రోజే రెండు సూదులు విరిగాయి. మెషిన్‌లో ఏదో తేడా ఉందనుకుని నూనె వేశాను, టెన్షన్ సరిచేశాను, దారం మార్చాను. తేడా మెషిన్‌లో లేదు. ఒక బ్లాకు తిరగేసి చూస్తే మధ్యలో గుడ్డంతా ఒకే పక్కకి పడి గడ్డ కట్టింది. ఆ రోజు కూర్చుని అక్కడ ఎన్ని పొరలున్నాయో లెక్కపెట్టాను. ఇప్పుడు మీకు చెప్పబోయేదంతా ఆ లెక్కలోంచి వచ్చిందే.

ముందు పొరల లెక్క

అన్నిటికంటే తేలికైన నాలుగు గళ్ళ బ్లాకు తీసుకుందాం. నాలుగు చదరాలు, ఒక్కోదానికి చుట్టూ పావు అంగుళం కుట్టు మార్జిన్, అంటే కుట్టు గీతకి అవతల లోపలికి పోయే అంచు. బ్లాకు నడిమధ్యలో, అటూ ఇటూ పావు అంగుళం మేర మాత్రమే చూడండి. అక్కడికి ప్రతి చదరమూ పావు అంగుళం గళ్ళు నాలుగు తెస్తుంది. పైకి కనిపించేది ఒకటి, రెండు పక్కల మార్జిన్లలో ఒక్కోటి, మూలన ఒకటి. నాలుగు చదరాలకీ కలిపితే 16. ఈ 16 గళ్ళ గుడ్డా సర్దుకోవడానికి అక్కడున్న చోటు నాలుగు గళ్ళే.

ఇక మీరు ఇస్త్రీ చేసే తీరుని బట్టి ఆ 16 ఇలా పడతాయి. పై వరస కుట్టునీ కింది వరస కుట్టునీ రెండింటినీ ఎడమకే మడిచి, ఆ రెండు వరసల్ని కలిపే అడ్డ కుట్టుని కిందికి మడిచారనుకోండి. పై ఎడమ గడిలో 3 పొరలు, పై కుడిలో 1, కింది కుడిలో 3, కింది ఎడమలో ఏకంగా 9. పై వరస కుట్టు ఎడమకి, కింది వరస కుట్టు కుడికి మడిచి కలిపితే 3, 1, 5, 7. వరసల్లోని నిలువు కుట్లని రెండు పక్కలకీ విప్పార్చి, అడ్డ కుట్టుని మాత్రం కిందికి మడిస్తే 2, 2, 6, 6. అన్ని కుట్లూ విప్పారిస్తే నాలుగు గళ్ళలోనూ తలా 4. మధ్యలో కుట్లని చుట్టూ తిప్పే పద్ధతి ఒకటుంది, దాంట్లో కూడా తలా 4.

ఎలా చేసినా మొత్తం 16కి తగ్గదు. ఇస్త్రీ పెట్టె ఎంత వేడిగా ఉన్నా, ఎంత గట్టిగా నొక్కినా 9 పొరలు 9 పొరలే. కాబట్టి ఉబ్బు తగ్గించడం అంటే ప్రధానంగా గుడ్డని నాలుగు వైపులా సమంగా పంచడం. పంచాక కూడా ఎక్కువైన చోట మాత్రమే కత్తెర. చాలామంది ఈ వరస తిరగేసి ముందు కత్తెర పట్టుకుంటారు, ఆ బొంతలు నాలుగు ఉతుకులకే కుట్టు వదిలేయడం నేను చూశాను.

నమ్మకం కుదరకపోతే రెండు పాత గుడ్డముక్కలతో ఒక నాలుగు గళ్ళ బ్లాకు కుట్టి, ఇన్ని రకాలుగానూ మడిచి వేళ్ళతో తడిమి చూడండి. పావుగంట పని, కానీ ఆ తేడా వేళ్ళకి ఒకసారి తెలిస్తే మర్చిపోరు.

గుడ్డ, దారం, సూది

పెడన కలంకారీ ప్రింట్లు వేసే పల్చటి నూలు గుడ్డ అతుకులకి చాలా అనువుగా ఉంటుంది. పాప్లిన్, క్యాంబ్రిక్, వాడి మెత్తబడిన నూలు చీరలు కూడా బాగుంటాయి. మంగళగిరి నూలు కొంచెం దళసరి, నేత దట్టం. పోచంపల్లి ఇక్కత్ నూలులో పల్చనివీ ఉన్నాయి, మందమైనవీ ఉన్నాయి, కొనేముందు రెండు మడతలు వేసి వేళ్ళ మధ్య పట్టి చూడండి. చీరల జరీ అంచుల్ని చిన్న ముక్కలుగా కోసి బ్లాకుల్లో పెట్టకండి. జరీ మడత పడదు, పైగా ఇస్త్రీ వేడికి పాడవుతుంది. అంత ఇష్టంగా దాచుకున్న అంచైతే బొంత నాలుగు వైపులా పొడుగు పట్టీగా వేయండి, అక్కడ దానికి అందమూ వస్తుంది, ఇబ్బందీ ఉండదు.

జీన్స్ లాంటి మందపు గుడ్డతో కుట్టాలంటే చిన్న ముక్కల ఆలోచన మానుకోవాలి. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి స్త్రీలు పొలం పనిలో అరిగిపోయిన డెనిమ్ ప్యాంట్లతో, పని బట్టలతో బొంతలు కుట్టేవారు. 2002లో ఆ బొంతల్ని హ్యూస్టన్‌లోనూ న్యూయార్క్‌లోనూ మ్యూజియంలలో ప్రదర్శనకి పెట్టారు. వాటి ఫొటోలు చూస్తే ప్యాంటు కాలు కాలుగానే పెద్ద పట్టీల్లా వాడిన బొంతలు కనిపిస్తాయి. ముక్క పెద్దదైతే కుట్లు తక్కువ, కుట్లు ఒకచోట కలవడం ఇంకా తక్కువ. దళసరి గుడ్డకి అంతకంటే మంచి దారి నాకు తెలియదు.

మన ఇళ్ళలో పాత చీరలు పొరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టే బొంతకి అసలు ఈ సమస్యే లేదు. అక్కడ చీర చీరగానే ఉంటుంది, ముక్కల అతుకులు ఉండవు. ముక్కల్ని పక్కపక్కన చేర్చి కుట్టినప్పుడే మార్జిన్ లోపలికి వచ్చి కూర్చుంటుంది.

దారం సన్నగా ఉండాలి. 50 నంబరు నూలు దారం దొరికితే అదే వాడండి. లావు దారం కుట్టులోనే ఒక గట్టులా నిలబడి, గుడ్డ పూర్తిగా మడత పడకుండా అడ్డుపడుతుంది. సూది 11 నంబరు చాలు, దళసరి గుడ్డ కలిస్తే 14. కొత్త బొంత మొదలుపెట్టినప్పుడు కొత్త సూది వేసుకోండి.

కోత

గుడ్డని ముందే ఉతికి, ఆరబెట్టి, పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. కలంకారీని వేరేగా ఉతకండి, రంగు దిగుతుందో లేదో అప్పుడే తేలిపోతుంది. గంజి పెట్టిన గుడ్డ కాగితంలా కోతకి వస్తుంది, కుట్టేటప్పుడు సాగదు, మడత గీత పదునుగా పడుతుంది. త్రికోణాల్లో ఐమూల అంచు ఉంటుంది కాబట్టి వాటికి గంజి తప్పనిసరి అని నా అభిప్రాయం. అయితే గంజి ఉన్న గుడ్డని నెలల తరబడి బీరువాలో పెట్టకండి, పురుగు పడుతుంది. బొంత పూర్తయ్యాక ఒకసారి ఉతికేస్తే గంజి పోతుంది.

థాను అంచున గట్టిగా నేసిన సన్నటి పట్టీ ఉంటుంది చూడండి, దాన్ని ముందే కోసి పక్కన పెట్టేయండి. అది ముక్కల్లో కలిస్తే ఆ కుట్టు ఎప్పటికీ చదును కాదు.

పావు అంగుళానికి ఒక పోగు తక్కువ

కుట్టు మార్జిన్ సరిగ్గా పావు అంగుళం తీసుకుంటే బ్లాకు కొంచెం చిన్నదవుతుంది. గుడ్డ మడత తిరిగేటప్పుడు ఆ మలుపులో ఒకటి రెండు పోగుల వెడల్పు ఖర్చవుతుంది, దారం మందం ఇంకొంచెం తింటుంది. అందుకే పావు అంగుళానికి ఒక పోగు, మహా అయితే రెండు పోగులు తక్కువగా కుట్టాలి.

మీ మెషిన్ మీద ఇది ఎక్కడ పడుతుందో ఇలా చూసుకోండి. ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలు మూడు కోసి, పొడుగునా పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయండి. మధ్య పట్టీ సరిగ్గా 1 అంగుళం, మొత్తం మూడున్నర అంగుళాలు రావాలి. తక్కువొస్తే మార్జిన్ ఎక్కువ తీసుకుంటున్నారు, ఎక్కువొస్తే తక్కువ తీసుకుంటున్నారు. కుదిరిన చోట మెషిన్ ప్లేటు మీద టేపు ముక్క అంటించుకోండి, గుడ్డ అంచుని ఆ టేపుకి ఆనించి కుట్టండి. పాత నల్ల ఉషా, సింగర్ తొక్కుడు మెషిన్లు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. వాటి ప్లేటులో సూది దిగే కంత చిన్నది, గుండ్రటిది, అందుకని త్రికోణం కొనలు కిందికి లాక్కుపోవు.

ఉబ్బుకీ కొలతకీ ఏం సంబంధం అని అడగొచ్చు. కొలత తేడా వస్తే కుట్లు ఎదురెదురుగా పడవు. పడనప్పుడు మనం గుడ్డని లాగి, నొక్కి, ఎలాగోలా కలుపుతాం. అక్కడ చిన్న మడత ఇరుక్కుంటుంది. పొరల లెక్కలో లేని పొర అది.

కుట్టు పొడవు అంగుళానికి 12 పడేలా పెట్టుకోండి. విప్పార్చి ఇస్త్రీ చేయబోయే కుట్లకి 14. కుట్టు మొదట్లో, చివర్లో వెనక్కీ ముందుకీ కొట్టి ముడి వేయకండి. ఆ కుట్టు మీదుగా ఎలాగూ ఇంకో అడ్డ కుట్టు వస్తుంది, అదే దాన్ని పట్టి ఉంచుతుంది. ముడి కుట్లు ఒక్కో మూలా దారం గుట్ట పెడతాయి.

ఇస్త్రీ: రుద్దకండి, నొక్కండి

ఈ పనిలో సగం ఇస్త్రీ బల్ల దగ్గరే జరుగుతుంది. చొక్కాకి చేసినట్టు పెట్టెని అటూ ఇటూ జరిపితే ముక్క సాగుతుంది, ముఖ్యంగా ఐమూల అంచున్నది. పెట్టెని ఎత్తి, పెట్టి, రెండు మూడు సెకన్లు ఆగి, మళ్ళీ ఎత్తి పక్కన పెట్టాలి.

కుట్టగానే ముక్కలు విడదీయకుండా, మెషిన్ మీదనుంచి ఎలా వచ్చిందో అలాగే కుట్టు మీద ఒకసారి నొక్కండి. దారం గుడ్డలో దిగి కూర్చుంటుంది. తర్వాత పై ముక్కని తెరిచి, మంచి వైపు నుంచి కుట్టు గీత మీద గోరుతో గీసి, అప్పుడు పెట్టె ఆనించండి. గోరుతో గీయడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అది చేయకపోతే కుట్టు పక్కన సన్నటి మడత మిగిలిపోయి, పైన చెప్పిన లెక్కలో లేని పొర మళ్ళీ వచ్చి చేరుతుంది.

ఏ పక్కకి మడవాలి? అందరూ చెప్పే మాట ముదురు రంగు వైపుకి అని. లేత గుడ్డ కింద ముదురు గుడ్డ ఉంటే నీడ కనిపిస్తుంది కాబట్టి ఆ మాట నిజమే. కానీ ఉబ్బు సంగతికొస్తే వేరే నియమం ఉంది. కుట్టుని ఏ ముక్క వైపుకి మడుస్తామో ఆ ముక్కే తన మీదికి తాను వెనక్కి మడత పడుతుంది. రెండోది తిన్నగా సాగిపోయి దాని కింద పడుకుంటుంది. అందుకని పల్చటి గుడ్డ, దళసరి గుడ్డ కలిసినప్పుడు పల్చటి దాని వైపుకి మడవండి, మలుపు తిరిగే కష్టం పల్చటిది పడుతుంది. అలాగే, ఒక పక్క అప్పటికే కుట్లున్న ముక్క, ఇంకో పక్క సాదా ముక్క ఉంటే సాదా ముక్క వైపుకి మడవండి. రంగు నియమమూ ఈ నియమమూ ఎదురు పడితే నేను ఉబ్బు వైపే మొగ్గుతాను. లేత గుడ్డ కిందికి వెళ్ళిన ముదురు మార్జిన్‌ని ఒక నూలుపోగు మందం తగ్గించి కోస్తే, అది లేత మార్జిన్ చాటున దాక్కుంటుంది, నీడ కనపడదు.

కుట్టకముందే బాణాలు గీయండి

బ్లాకు బొమ్మ ఒక కాగితం మీద గీసి, ప్రతి కుట్టు ఏ పక్కకి మడవాలో పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టండి. కుట్టిన తర్వాత ఆలోచిద్దాం అనుకుంటే ఎప్పుడూ రెండు కుట్లు ఒకే పక్కకి పడి ఉంటాయి.

తొమ్మిది గళ్ళ బ్లాకులో ఇది తేలిక. మొదటి వరస, మూడో వరస కుట్లు బయటికి మడవండి, మధ్య వరస కుట్లు లోపలికి. వరసల్ని కలపడానికి మంచి వైపులు ఎదురెదురుగా పెట్టినప్పుడు ఒక మార్జిన్ ఎడమకి, ఒకటి కుడికి ఉండి, రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఆగిపోతాయి. బొటనవేలితో జరిపి చూస్తే చిన్న తాళం పడ్డట్టు తెలుస్తుంది. అలా తెలిసిన చోట గుండుసూది గుచ్చి కుట్టండి, మూలలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి. గుండుసూది మీదుగా మాత్రం కుట్టకండి, దగ్గరికి రాగానే తీసేయండి.

రెండు తొమ్మిది గళ్ళ బ్లాకులు పక్కపక్కన రాబోతుంటే ఒకదానికి బాణాలు తిరగేయండి. లేదంటే బ్లాకుల లోపల అంతా చదునుగా ఉండి, బ్లాకుకీ బ్లాకుకీ మధ్య ముద్ద మొదలవుతుంది. ఇంత లెక్క వద్దనుకుంటే బ్లాకుల మధ్య సాదా పట్టీ పెట్టండి. అప్పుడు కుట్లన్నీ పట్టీ వైపుకి మడిచేయొచ్చు, రెండు బ్లాకుల కుట్లు ఎక్కడా ఢీకొట్టుకోవు. మొదటిసారి కుట్టేవాళ్ళకి నేను పట్టీ డిజైనే చెప్తాను.

లాగ్ క్యాబిన్ బ్లాకు ఇంకా హాయి. మధ్య చదరం చుట్టూ పట్టీలు ఒకటి తర్వాత ఒకటి వేసుకుంటూ పోతాం, ప్రతి కుట్టూ కేంద్రం నుంచి బయటికే. కుట్లు ఒకదాన్నొకటి దాటవు, టీ ఆకారంలో ఆగుతాయి.

మధ్యలో చుట్టు తిప్పడం

నాకు ఎంతో ఇష్టమైన పద్ధతి ఇదే, కాబట్టి నిదానంగా చెప్తాను. నాలుగు గళ్ళ బ్లాకుకీ గాలిమర బ్లాకుకీ ఇది సరిగ్గా సరిపోతుంది. ఒకే షరతు: పై సగం కుట్టు ఒక పక్కకి, కింది సగం కుట్టు ఎదురు పక్కకి మడిచి, తాళం పడ్డాకే కలిపి కుట్టి ఉండాలి.

రెండు సగాలూ కలిపి పొడుగు కుట్టు వేసేశారు. ఇంకా ఇస్త్రీ చేయకండి. బ్లాకుని తిరగేసి మధ్యలో చూడండి. పొడుగు కుట్టుకి పైన, మార్జిన్‌లో, మొదట వేసిన చిన్న కుట్టు తాలూకు రెండు మూడు కుట్లు నిలువుగా కనిపిస్తాయి. కుట్లు విప్పే చిన్న పనిముట్టు సీమ్ రిప్పర్‌తో వాటిని మాత్రం తెంపండి, పొడుగు కుట్టుని తాకగానే ఆపేయండి. బ్లాకుని రెండో పక్కకి తిప్పి అక్కడ కూడా అవే రెండు మూడు కుట్లు తెంపండి. పొడుగు కుట్టుని ఒక్కటి కూడా తెంపకూడదు.

ఇప్పుడు బ్లాకుని తిరగేసి బల్ల మీద పరిచి, మధ్యలో బొటనవేలు పెట్టి పొడుగు కుట్టు మార్జిన్‌ని కుడి సగం పైకి, ఎడమ సగం కిందికి నెట్టండి. ఒక దిశలో మొరాయిస్తే రెండో దిశలో నెట్టండి, ఒకటి తప్పక వస్తుంది. మధ్యలో మార్జిన్లు పువ్వులా విచ్చుకుని, పావు అంగుళం గళ్ళతో మీ బ్లాకే బుల్లి రూపంలో కనిపిస్తుంది. మొదటిసారి అది తెరుచుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ ప్రతి బ్లాకుకీ కలుగుతుంది. నాలుగు కుట్లూ గడియారం ముల్లులా ఒకే దిశలో తిరిగి ఉంటాయి. వేలితో నొక్కి, ఆ తర్వాత పెట్టె.

గాలిమరకి దీనికి ముందు ఒక పని ఉంది. రెండేసి త్రికోణాలు కలిపి కుట్టిన చదరాల్ని ముదురు వైపుకి మడిచి ఇస్త్రీ చేయండి, మూలల్లో చెవుల్లా బయటికి పొడుచుకొచ్చే కొనల్ని కోసేయండి. పూర్తయ్యాక 3 అంగుళాల చదరం కావాలంటే ముందు 4 అంగుళాల చదరాలతో మొదలుపెట్టి, కుట్టి, ఇస్త్రీ చేశాక మూడున్నరకి సరిచేసి కోయడం మేలు. కొలతా నిఖార్సుగా వస్తుంది, చెవులూ పోతాయి. ఆ చెవులు వదిలేస్తే ప్రతి మూలా రెండు పొరలు ఉచితంగా పెరుగుతాయి. తర్వాత రెండేసి చదరాల్ని కలిపి, ఆ కుట్టుని కూడా రెండు సగాల్లోనూ ముదురు వైపుకే మడవండి. సగాలు ఒకటి తలకిందులుగా ఉంటాయి కాబట్టి కుట్లు వాటంతటవే ఎదురు పడతాయి.

నా మొదటి బొంతలో నేను చేసిన పొరపాటు ఇక్కడే. రెండు సగాలనీ కుడికే మడిచాను.

విప్పార్చి ఇస్త్రీ చేయడం ఎప్పుడు

ఆరు, ఎనిమిది కొనలు కలిసి, చుట్టు తిప్పడం కుదరని బ్లాకులకి మార్జిన్‌ని రెండు పక్కలకీ విప్పార్చడమే మంచిది. అంగుళం కంటే చిన్న ముక్కలకి కూడా. దీనికి రెండు నష్టాలున్నాయి. తాళం పడదు కాబట్టి మూలలు కలపడానికి గుండుసూదులు ఎక్కువ కావాలి. రెండోది, పైనుంచి కుట్టు గాడిలో కుట్టే అలవాటు ఉంటే అది మానుకోవాలి. గాడి కింద గుడ్డ ఉండదు, దారం ఒక్కటే ఉంటుంది, సూది ఆ దారాన్నే తెంపుతుంది. గాడికి పావు అంగుళం పక్కగా కుట్టుకోండి.

ఒక్క బ్లాకులోనే కొన్ని కుట్లు పక్కకి, కొన్ని విప్పార్చి చేయడం తప్పేమీ కాదు. ఎక్కడ ఏది పొరలు తగ్గిస్తే అక్కడ అది.

ఎనిమిది వజ్రాకారపు ముక్కల నక్షత్రానికి ఒక్క మాట. కుట్టుని అంచు నుంచి అంచుకి కాకుండా, రెండు కొనల్లోనూ పావు అంగుళం వదిలేసి చుక్క నుంచి చుక్కకి కుట్టండి. మార్జిన్లు ఎక్కడా బిగుసుకోవు, మధ్యలో ఎనిమిదింటినీ విసనకర్రలా ఒకే దిశలో తిప్పొచ్చు. చేత్తో కుట్టేవాళ్ళకి ఇది మెషిన్ వాళ్ళకంటే తేలిక.

కత్తెర ఎక్కడ

పంచడం అయ్యాక మిగిలిన ఉబ్బుకి మూడు రకాల కోతలున్నాయి.

చదరం మూల మీద చిన్న చదరం పెట్టి ఐమూలగా కుట్టి మడిచే పద్ధతి ఉంది కదా, ఫ్లయింగ్ గీస్ బ్లాకులు (మధ్యలో పెద్ద త్రికోణం, అటూ ఇటూ చిన్న త్రికోణాలు ఉండేవి) చాలామంది అలాగే చేస్తారు. అక్కడ మడిచిన త్రికోణం కింద రెండు పొరలు వృథాగా ఉండిపోతాయి. కుట్టుకి పావు అంగుళం వదిలి ఆ రెండింటినీ కోసేయండి. కోసిన రెండు త్రికోణాలూ కలిపి కుడితే ఇంకో చిన్న చదరం వస్తుంది, పారేయకండి.

రెండోది మెట్టు కోత. దళసరి గుడ్డ కుట్టులో రెండు మార్జిన్లూ ఒకేచోట ఆగితే అక్కడ గట్టులా తెలుస్తుంది. మలుపు తిరిగే పొరని అరపావు అంగుళానికి తగ్గించి, రెండోదాన్ని అలాగే ఉంచితే గట్టు వాలుగా మారుతుంది. అరపావు కంటే లోపలికి ఎప్పుడూ వెళ్ళకండి. వదులుగా నేసిన చేనేత గుడ్డకైతే ఈ కోత అసలు వద్దు, పోగులు ఊడిపోతాయి.

మూడోది గాటు. బాణాలు తప్పి, ఒక కుట్టు ఒక చోట ఒక పక్కకి, ఇంకో చోట రెండో పక్కకి పోవాల్సి వస్తే, కూడలికి అటూ ఇటూ పావు అంగుళం దూరంలో మార్జిన్ రెండు పొరలకీ కలిపి గాటు పెట్టండి, కుట్టుకి ఒక పోగు ముందే ఆపండి. కూడలి దగ్గరున్న అర అంగుళం ముక్కని విప్పార్చి, మిగతా కుట్టుని ఎటు కావాలంటే అటు మడవండి. గాటు పెట్టిన చోటు బలహీనమే. మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు ఆ చుట్టుపక్కల ఒక కుట్టు వరస తప్పక వెళ్ళేలా చూడండి.

చెక్క ముక్క

వడ్రంగి దగ్గర అరచేతిలో పట్టేంత గట్టి చెక్క ముక్క అడిగి, అన్ని వైపులా నున్నగా తోపడా పట్టించుకోండి. పాలిష్, వార్నిష్ వద్దు, వేడికి గుడ్డకి అంటుకుంటుంది. కుట్టు మీద నీళ్ళు కొంచెం చిలకరించి పెట్టె నొక్కి, తీసీ తీయగానే ఈ చెక్కని ఆ చోట గట్టిగా అదిమి పది పదిహేను సెకన్లు ఉంచండి. చెక్క ఆవిరిని పీల్చుకుంటుంది, గుడ్డ నొక్కుడులో ఉండగానే చల్లారుతుంది. వేడిగా ఉన్నప్పుడే వదిలేసిన మడత మళ్ళీ లేస్తుంది, చల్లారేదాకా పట్టి ఉంచిన మడత లేవదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా చూపించే పనిముట్టు నా కుట్టు పెట్టెలో ఇంకోటి లేదు.

అప్పటికీ లొంగని కూడలి ఉంటే, పైన మందపు గుడ్డ కప్పి రబ్బరు సుత్తితో రెండు మూడు దెబ్బలు వేయండి. జీన్స్ బొంతలకి ఇది లేకుండా కుదరదు.

మూడు పొరలూ కలిపేటప్పుడు

అడుగు గుడ్డకి అతుకు వేయాల్సి వస్తే దాని మార్జిన్ అర అంగుళం ఉంచి, విప్పార్చి ఇస్త్రీ చేయండి. ఆ అతుకు పైపొరలోని పొడుగు కుట్టు కిందికి సరిగ్గా రాకుండా నాలుగు వేళ్ళు పక్కకి జరపండి. పైపొరలో అంత శ్రమపడి పంచిన గుడ్డకి కిందనుంచి ఇంకో గుట్ట కలపకూడదు.

కుట్టు వరసలు బ్లాకు నడిమధ్య మీదుగా పోకుండా గీసుకోగలిగితే సగం బాధ పోతుంది. తప్పకపోతే ఆ మూడు నాలుగు కుట్లకి పెడల్ మీంచి మీ కాలు తీసేసి, చక్రం చేత్తో తిప్పండి. సూది కిందికి దిగిందని తెలిశాకే ముందుకి కదపండి.

ఇప్పటికే కుట్టేసి ఉంటే

పైపొర మొత్తం అయిపోయింది, ఇప్పుడు గింజలు తగులుతున్నాయి అంటే కంగారు పడకండి. ముందు తిరగేసి, కూడలికి ఎదురెదురు మడతలున్నాయో లేదో చూడండి. ఉంటే, బ్లాకు అంచుల్లో పొడుగు కుట్టు ఇంకో కుట్టులో చిక్కుకుని ఉన్నా సరే, మధ్యలో గాటు పెట్టుకుని చుట్టు తిప్పొచ్చు. లేకపోతే ఆ బ్లాకు పొడుగు కుట్టు ఒక్కటీ విప్పి, ఒక సగం కుట్టుని రెండో పక్కకి మడిచి ఇస్త్రీ చేసి, తాళం పడనిచ్చి మళ్ళీ కుట్టండి. అన్నీ చేయక్కర్లేదు, చేతికి బాగా తగిలే కూడలులు చేస్తే చాలు.

పాప బొంతకి నేను 20 బ్లాకులూ చేశాను. మూడు పొరలూ అప్పటికే కలిపేసిన రెండు బ్లాకుల దగ్గర ముందు ఆ కుట్లు విప్పి, దూది పక్కకి తీసి, తర్వాత పైపొర మీద చేయి వేశాను. ఒక్కో బ్లాకుకి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత 11 నంబరు సూది ఒక్కటే వేసి, మొత్తం బొంత దాంతోనే పూర్తి చేశాను.